పరిగెత్తి వెళ్లి నిలబడే ఓడలు

(గుంటూరులో ఎగుమతి వ్యాపారులు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో, సరుకు ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. సరే, బాగుంది.

గుంటూరులో ఓడల మీద ఉపన్యాసమేంటండీ అని లోపలికి వస్తుంటే ఒకాయన అడిగారు. మనకు సముద్రం చూడాలంటే సూర్యలంక దాకా వెళ్లాలి, నిజమే. కానీ ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది సరుకు ఓడెక్కితే గానీ డబ్బు కాదు. మన మిర్చి చైనా వెళ్తుంది, థాయిలాండ్ వెళ్తుంది, శ్రీలంక వెళ్తుంది. మన పొగాకు బెల్జియం వెళ్తుంది. ఇటునుంచి మిర్చి వెళ్తే అటునుంచి పామాయిల్ వస్తుంది, ఎరువు వస్తుంది, బొగ్గు వస్తుంది. ప్రపంచ వ్యాపారంలో, బరువు లెక్కన, 80 శాతానికి పైగా సముద్రం మీదే నడుస్తుంది. అంటే ఓడ ఆగితే ఊరు ఆగుతుంది. అది గుంటూరైనా అంతే, రోటర్‌డామ్ అయినా అంతే.

ఇప్పుడు అసలు లెక్క. అంతర్జాతీయ సముద్ర సంస్థ, ఐఎంఓ అంటారు, లండన్‌లో ఉంటుంది. వాళ్లు 2020లో ఒక పెద్ద అధ్యయనం విడుదల చేశారు. దాని ప్రకారం 2018లో ఓడలన్నీ కలిసి వదిలిన, భూమిని వేడెక్కించే వాయువులు దాదాపు 107 కోట్ల టన్నులు. ప్రపంచంలో మనుషులు వదిలే మొత్తంలో 3 శాతానికి కాస్త తక్కువ. మూడే కదా అంటారా? ఓడలన్నిటినీ ఒక దేశం అనుకుంటే, అది ప్రపంచంలో మొదటి పది దేశాల వరసలో నిలబడుతుంది.

ఈ 3 శాతం ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పండి. ఎవరి ఖాతాలోనూ పడదు! 1997 క్యోటో ఒప్పందంలోనే అంతర్జాతీయ ఓడల సంగతి ఐఎంఓ చూసుకోవాలని పక్కన పెట్టేశారు. ఎందుకంటే లెక్క తేలదు. ఓడ కొరియాలో తయారవుతుంది. యజమాని గ్రీకువాడు. జెండా లైబీరియాది. పనిచేసేది ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు, మన కుర్రాళ్లు. సరుకు ఆస్ట్రేలియాది, కొన్నది చైనావాడు. పొగ ఎవరిది? చెప్పండి, పొగ ఎవరిది? ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నతోనే కాలం గడిపారు. 2018లో గానీ ఐఎంఓ ఒక లక్ష్యం పెట్టుకోలేదు. 2023లో దాన్ని గట్టి చేశారు: 2050 నాటికి, లేదా ఆ దరిదాపుల్లో, ఓడల ఉద్గారాలు నికరంగా సున్నా. మధ్యలో 2030కి 2008తో పోలిస్తే కనీసం 20 శాతం తగ్గాలి. ఈ 2008 అనే సంవత్సరం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ఇంజనీరింగ్ పిల్లలు ఉన్నారు కాబట్టి కాస్త ఇంజన్ సంగతి. పెద్ద ఓడ మెయిన్ ఇంజన్ మూడు నాలుగు అంతస్తుల ఎత్తు ఉంటుంది. దాని చుట్టూ మెట్లెక్కి తిరుగుతాం. పెద్దవాటిలో కొన్ని రెండు వేల టన్నులకు పైగా తూగుతాయి. తిరిగేది మాత్రం నిమిషానికి 80 చుట్లు, 100 చుట్లు, అంతే. నిదానంగా తిరుగుతుంది కాబట్టే ఇంధనంలోని శక్తిలో దాదాపు సగాన్ని పనిగా మారుస్తుంది. మామూలు కారు ఇంజన్లు అంత చెయ్యలేవు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇంజన్‌ని బాగుచేసి ఉద్గారాలు తగ్గించేద్దాం అనుకుంటే అక్కడ పిండడానికి ఇంక పెద్దగా ఏమీ మిగల్లేదు. నూరేళ్లుగా మా ముందువాళ్లు పిండేశారు.

మరి ఎక్కడ మిగిలింది? వేగంలో మిగిలింది.

నీటిలో ఓడను నడపడానికి కావలసిన పవరు, వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. సుమారుగా. ఘనం అంటే క్యూబ్. ఇది పిల్లలు రాసుకోండి. వేగం 10 శాతం తగ్గించారనుకోండి. 0.9ని మూడుసార్లు గుణించండి, 0.729. అంటే పవరు 27 శాతం తగ్గింది. కానీ ప్రయాణం ఎక్కువ సేపు పడుతుంది కదా మాస్టారూ అంటారు. పడుతుంది, అది కూడా కలపండి. మొత్తం ప్రయాణానికి ఇంధనం 19 శాతం తగ్గుతుంది. 20 రోజుల ప్రయాణం 22 రోజులు అవుతుంది. రెండు రోజులు ఓపిక పడితే దాదాపు అయిదో వంతు నూనె మిగిలింది. ఏ కొత్త ఇంధనం అక్కర్లేదు, ఏ కొత్త ఓడ అక్కర్లేదు. ఓడ వేగం మార్చే టెలిగ్రాఫ్ హ్యాండిల్ కాస్త వెనక్కి లాగితే చాలు. నిదానంగా వెళ్తే అదే సరుకు మొయ్యడానికి కొన్ని ఓడలు ఎక్కువ కావాలి కదా అని ఎవరో అడగబోతున్నారు, కావాలి. ఆ ఓడల నూనె కూడా ఈ 19 లెక్కలో చేరే ఉంది. టన్ను సరుక్కి, మైలుకి చూస్తే లాభమే.

ఇప్పుడు 2008 దగ్గరకు వద్దాం. ఆ ఏడాది ముడి చమురు బ్యారెల్ 147 డాలర్ల దాకా పోయింది. వెంటనే ఆర్థిక సంక్షోభం వచ్చింది. అంతకు ముందు 24, 25 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక సముద్ర మైలు) వేగంతో ఉరికిన కంటైనర్ ఓడలను కంపెనీలు 18 నాట్లకు, ఇంకా కిందికి దించేశాయి. భూమి మీద ప్రేమతో కాదండీ, నూనె బిల్లు చూసి. అయినా ఫలితం వచ్చింది. ఆ తర్వాత పదేళ్లలో ఓడల మొత్తం ఉద్గారాలు సరుకు పెరిగినంతగా పెరగలేదంటే అందులో పెద్ద భాగం ఈ నెమ్మది నడకదే. ఇంకో మాట, ఐఎంఓ వాళ్లు 2008నే ఆధార సంవత్సరంగా ఎందుకు తీసుకున్నారో మీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఓడలు అన్నిటికంటే జోరుగా ఉరుకుతున్న రోజులవి. అక్కడి నుంచి కొలిస్తే మార్కులు సులువుగా పడతాయి.

సరే, నెమ్మదిగా వెళ్తే ఇంత లాభం ఉంటే అన్ని ఓడలూ ఎందుకు నెమ్మదిగా వెళ్లవు? నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క ప్రశ్న కోసమే. మిగతావన్నీ మీరు పేపర్లో చదువుకోవచ్చు.

మీ మిర్చి యార్డు సీజన్‌లో ఎలా ఉంటుందో నాకంటే మీకు బాగా తెలుసు. లారీ డ్రైవరు రాత్రంతా నిద్రలేకుండా తోలుకొస్తాడు. ఎందుకు? ముందొచ్చినవాడికి ముందు నంబరు. తీరా గేటు దగ్గరకొచ్చి తెల్లవార్లూ క్యూలో నిలబడతాడు. బొగ్గు, ఇనుప ఖనిజం, ధాన్యం మోసే ఓడలు అచ్చం ఇదే పని చేస్తున్నాయి. సముద్రమంతా పూర్తి వేగంతో వచ్చి, రేవు బయట లంగరేసుకుని రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి కూర్చుంటాయి. బెర్తు, అంటే రేవులో ఓడ నిలిచే చోటు, ఖాళీ లేదని రేవుకు ముందే తెలుసు. ఏజెంటుకు తెలుసు. కెప్టెనుకూ తెలుసు. అయినా పరిగెత్తాల్సిందే.

ఎందుకంటే కాగితం అలా రాసి ఉంది. ఓడ అద్దె ఒప్పందంలో, చార్టర్ పార్టీ అంటారు, ఓడ వీలైనంత త్వరగా గమ్యం చేరాలని షరతు ఉంటుంది. చేరగానే కెప్టెన్ "నేను సిద్ధం" అని నోటీసు ఇస్తాడు. అక్కడి నుంచి గడియారం మొదలు. సరుకు ఎత్తడానికి, దించడానికి ఒప్పుకున్న గంటలు దాటితే సరుకుదారు ఆ ఆలస్యానికి డెమరేజ్ కట్టాలి. డెమరేజ్ అంటే ఈ హాల్లో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు కదా! ఇప్పుడు ఓడ యజమాని వైపు నుంచి ఆలోచించండి. నెమ్మదిగా వెళ్తే నూనె మిగులుతుంది గానీ ఒప్పందం తప్పినట్టవుతుంది. త్వరగా వెళ్లి కూర్చుంటే డెమరేజ్ వస్తుంది. ఆయన ఏం చేస్తాడు? మీరైనా ఏం చేస్తారు?

ఇంకో రకం ఒప్పందం ఉంది, టైమ్ చార్టర్. ఓడను నెలల లెక్కన అద్దెకు ఇస్తారు. అందులో నూనె ఖర్చు అద్దెకు తీసుకున్నవాడిది. ఓడకు మంచి ప్రొపెల్లరు పెట్టాలన్నా, అడుగున ఖరీదైన పెయింటు వెయ్యాలన్నా డబ్బు పెట్టాల్సింది యజమాని. నూనె మిగిలేది అద్దెదారుకి. ఖర్చు ఒకడిది, లాభం ఇంకొకడిది. అందుకే ఎవరూ కదలరు. మేం ఇంజన్ రూములో చెమటోడ్చి అర శాతం, ఒక శాతం ఆదా చేస్తుంటాం. పైన ఆఫీసులో ఒక్క వాక్యంతో 19 శాతం గాలిలో కలిసిపోతుంది.

అంతేకాదు. లంగరేసిన ఓడ ఊరికే ఉండదు. జనరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, రోజుకు టన్నుల్లోనే నూనె తాగుతుంది. పైగా వెచ్చటి నీటిలో కదలకుండా ఉంటే ఓడ అడుగున జిగురు పడుతుంది, నాచు పడుతుంది, తర్వాత గుల్లలు అతుక్కుంటాయి. అర మిల్లీమీటరు మందం జిగురు పొర అడుగుభాగంలో సగం మేర పరుచుకుంటే చాలు, ఉద్గారాలు 25 నుంచి 30 శాతం దాకా పెరుగుతాయని లెక్క కట్టారు. అర మిల్లీమీటరు! అంటే పరిగెత్తి వచ్చినందుకు ఒకసారి, నిలబడినందుకు ఒకసారి, నాచు పట్టిన అడుగుతో తిరిగి వెళ్లేటప్పుడు ఇంకోసారి నష్టం.

దీనికి మార్గం లేదా? ఉంది. ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ అని పెద్ద బొగ్గు రేవు. 2007 జూన్‌లో తుఫాను వచ్చినప్పుడు రేవు బయట యాభైకి పైగా ఓడలు వరసగా లంగరేసి ఉన్నాయి. అందులో పాషా బల్కర్ అనే ఓడ కొట్టుకొచ్చి జనం స్నానాలు చేసే బీచ్ ఒడ్డున నేలకు తగిలి ఇరుక్కుపోయింది. ఆ ఫొటో చూడనివాళ్లు వెతుక్కుని చూడండి. ఆ తర్వాత ఆ రేవులో ఓడల రాకకు కొత్త పద్ధతి పెట్టారు. ఓడ బయలుదేరి వస్తున్నప్పుడే దాని వరస నిర్ణయమవుతుంది, ముందొచ్చి కూర్చున్నంత మాత్రాన ముందు నంబరు రాదు. ఇంకేముంది, పరిగెత్తాల్సిన పని పోయింది. ఒప్పందాల వైపు కూడా ఓడ యజమానుల సంఘం బిమ్కో 2021లో ఒక షరతు తయారుచేసింది. అద్దెదారు అడిగితే సరిగ్గా బెర్తు సమయానికి చేరేలా కెప్టెన్ వేగం తగ్గించుకోవచ్చు, దాన్ని ఒప్పందం తప్పినట్టు లెక్కేయరు. కాగితం మీద చక్కగా ఉంది. వాడుకలోకి ఎక్కేది మాత్రం నత్తనడక, ఎందుకంటే సరుకు అమ్మేవాడు, కొనేవాడు, యజమాని, అద్దెదారు, రేవు, ఇంతమంది ఒకేసారి ఒప్పుకోవాలి.

కొత్త ఇంధనాల సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. చెబుతాను, కాస్త వేగంగా.

ద్రవ సహజవాయువు, ఎల్ఎన్‌జీ. కార్బన్ డయాక్సైడ్ తక్కువే. కానీ కొన్ని రకాల ఇంజన్లలో కొంత మీథేన్ మండకుండానే పొగ గొట్టం దాటిపోతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ భూమిని వేడెక్కించేది 80 రెట్లకు పైన. ఆదా చేసింది అక్కడే పోతుంది. నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు.

మిథనాల్. 2023లో డెన్మార్క్ ఓడల కంపెనీ మేర్స్క్ వాళ్లు లారా మేర్స్క్ అనే చిన్న కంటైనర్ ఓడను దీనితో నడిపారు, తర్వాత పెద్దవీ దించారు. ఇంజన్ వైపు పెద్ద ఇబ్బంది లేదు. ద్రవంగా ఉంటుంది, ట్యాంకులో పోస్తే చాలు. ఇబ్బందల్లా ఎక్కడంటే, పచ్చ మిథనాల్, అంటే బొగ్గు, గ్యాస్ వాడకుండా చేసినది, ఎక్కడుంది? డెన్మార్క్‌లో కాసో అనే చోట 2025లో ప్లాంటు మొదలైంది. దాని సామర్థ్యం ఏడాదికి 42 వేల టన్నులు. ఓడలు ప్రపంచమంతా కలిపి ఏడాదికి తాగే నూనె సుమారు 30 కోట్ల టన్నులు. పైగా టన్ను మిథనాల్‌లో ఉండే శక్తి టన్ను నూనెలో సగం కూడా లేదు. భాగహారం మీరే చేసుకోండి.

అమోనియా. ఇది మనకు దగ్గరి విషయం, కాకినాడలో గ్రీన్ అమోనియా ప్లాంటు వస్తోంది. ఇందులో కార్బన్ అనేదే లేదు, అది గొప్ప సంగతి. కానీ ఇంజన్ రూములో పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఇది విషం. ఎరువుల ఫ్యాక్టరీలో లీకైతే గేటు దాటి పరిగెత్తవచ్చు. నడి సముద్రంలో ఎక్కడికి పరిగెత్తుతాం? సరిగా మండకపోతే నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. వద్దనను. కుర్రాళ్లకు ట్రైనింగు ఇచ్చి, పైపులకు రెండో తొడుగు వేసి, అప్పుడు రమ్మంటాను. మళ్లీ వేగం మాటే గుర్తుచేస్తున్నాను. ఈ ఇంధనాలన్నీ ఖరీదైనవి. ఖరీదైన ఇంధనం పోసుకున్న ఓడ పరిగెత్తి వెళ్లి లంగరేసుకుని కూర్చుంటే ఎంత దండగ!

ఇంక గాలి. ఇది నాకు ఇష్టమైన భాగం, రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను. మన తీరంలో దొరికిన శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. ఇక్కడికి దగ్గర్లోనే మోటుపల్లి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు పగిలి ఒడ్డుకొచ్చిన ఓడల సరుకు పాలకులు లాక్కునేవారు. ఇకపై లాక్కోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని రాయించాడు. చూశారా, అక్కడ కూడా ఓడల వ్యాపారాన్ని మార్చింది రాతి మీది షరతే. ఆ ఓడలన్నీ గాలితో వచ్చినవే.

ఇప్పుడు గాలి మళ్లీ వస్తోంది. పాత గుడ్డ తెరచాపలు కాదు. అంటోన్ ఫ్లెట్నర్ అనే జర్మన్ ఇంజనీరు 1920ల్లోనే ఓడ మీద పెద్ద గొట్టాలు నిలబెట్టి తిప్పాడు. తిరిగే గొట్టానికి గాలి తగిలితే పక్కకు నెట్టే బలం పుడుతుంది, స్పిన్ బౌలర్ బంతి గాలిలో పక్కకు జారేది ఈ సూత్రం మీదే. ఆయన ఓడ 1926లో అట్లాంటిక్ దాటింది. కానీ నూనె చవక కావడంతో మూలన పడింది. ఇప్పుడు ఆ గొట్టాలు మళ్లీ ఓడల మీదకు ఎక్కుతున్నాయి. 2023లో పిక్సిస్ ఓషన్ అనే సరుకు ఓడ మీద విమానం రెక్కల్లాంటి గట్టి తెరచాపలు రెండు పెట్టారు. మొదటి ఆరు నెలల్లో సగటున రోజుకు 3 టన్నుల నూనె మిగిలింది. ఒక మాదిరి పెద్ద సరుకు ఓడ రోజుకు 30 టన్నుల దాకా తాగుతుంది. మీరే చూసుకోండి. అయితే ఒక మెలిక ఉంది. గాలి సాయం పూర్తిగా అందాలంటే ఓడ నిదానంగా పోవాలి, గాలి ఉన్న దారి వెతుక్కుంటూ పోవాలి. "త్వరగా చేరాలి" అన్న షరతు ఉంటే ఆ రెక్కలు అలంకారమే.

అవునండీ, సమయం అవుతోందని చీటీ పంపారు. డబ్బు సంగతి చెప్పి ప్రశ్నలు తీసుకుంటాను.

ఓడ పొగకు ధర పెట్టే పని యూరప్ మొదలుపెట్టేసింది. 2024 నుంచి వాళ్ల రేవులకు వచ్చే పెద్ద ఓడలు కార్బన్ పర్మిట్లు కొనాలి. మొదటి ఏడాది ఉద్గారాల్లో 40 శాతానికి, రెండో ఏడాది వాటికి 70 శాతానికి, 2026 నుంచి మొత్తానికీ. బయటి దేశం నుంచి వచ్చే ప్రయాణమైతే అందులో సగం లెక్కేస్తారు. పొగాకు పంపేవాళ్లు మీ ఫ్రైట్ బిల్లు తీసి చూడండి, ఉద్గారాల సర్‌ఛార్జి అని ఒక లైను ఉంటుంది. ప్రపంచమంతటికీ ఇలాంటిది పెట్టాలని ఐఎంఓలో 2025 ఏప్రిల్‌లో ఓటింగ్ జరిగింది. 63 దేశాలు అవునన్నాయి, అందులో మనమూ ఉన్నాం. 16 కాదన్నాయి. అక్టోబరులో ఖరారు చేయాల్సింది. అమెరికా, సౌదీ అరేబియా గట్టిగా అడ్డుపడ్డాయి, ఏడాది వాయిదా పడింది.

ధర పెడితే మనం మునిగిపోతామా? లెక్క వేద్దాం. కంటైనర్ ఓడలో టన్ను సరుకు కిలోమీటరు వెళ్తే 15 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అనుకుందాం. చెన్నై నుంచి చైనా ఉత్తర రేవులకు ఏడెనిమిది వేల కిలోమీటర్లు. టన్ను మిర్చికి 120 కిలోలు. టన్ను పొగకు 100 డాలర్లు పెట్టినా, టన్ను మిర్చికి 12 డాలర్లు. అంటే కిలోకు రూపాయి, ఇంచుమించు. మిర్చి తేలిక సరుకు, కంటైనర్ నిండుతుంది గానీ బరువు తూగదు, అందుకని రూపాయిన్నర వేసుకోండి. యార్డులో ఒక్క పూటలో ధర అంతకంటే ఎక్కువ కదులుతుంది. ఇంకో సంగతి, అదే మిర్చి గుంటూరు నుంచి చెన్నైకి లారీలో 400 కిలోమీటర్లు వెళ్లడానికి టన్నుకు 30 కిలోల పైన పొగ. సముద్ర ప్రయాణం మొత్తానికి అయ్యే పొగలో నాలుగో వంతు ఇక్కడే అయిపోయింది. అందుకే మనకు దగ్గర రేవు కావాలనేది.

ప్రశ్నలు. వెనక అమ్మాయి అడుగుతోంది, ఓడలు మోసే సరుకే తగ్గితే? మంచి ప్రశ్న తల్లీ. సముద్రం మీద వెళ్లే సరుకులో మూడో వంతుకు పైగా బొగ్గు, చమురు, గ్యాసే. కృష్ణపట్నంలో దిగే బొగ్గే తీసుకో. మన ఇళ్ల మీద సోలార్ పెరిగిన కొద్దీ ఆ ఓడలు రావాల్సిన పని తగ్గుతుంది. ఓడల్లో పనిచేసి ఇలా మాట్లాడుతున్నాడేంటి అనుకోకండి, ఆ ఓడల మీద నాకేం మమకారం లేదు, బొగ్గు దుమ్ము చాలా మింగాను.

ఈయన ఎగుమతిదారు అనుకుంటా. నేనేం చెయ్యగలను సార్ అంటున్నారు. మీరు ఓడ మొత్తం అద్దెకు తీసుకునే స్థాయిలో ఉంటే, వచ్చేసారి చార్టర్ పార్టీ మీద సంతకం పెట్టేముందు సమయానికి చేరే షరతు ఉందా అని బ్రోకరును అడగండి. మిగిలే నూనె డబ్బులో వాటా కూడా అడగండి, మొహమాటం వద్దు. ఒకటి రెండు కంటైనర్లు పంపేవారైతే, అన్నిటికంటే త్వరగా వెళ్లే సర్వీసే కావాలని పట్టుబట్టకండి. ఎండు మిర్చి కోల్డ్ స్టోరేజీలో నెలలు ఉంటుంది, సముద్రంలో మూడు రోజులు ఎక్కువైతే ఏమవుతుంది?

ఆఖరి ప్రశ్న, మచిలీపట్నం రేవు గురించి. కడుతున్నారు, సంతోషం. మనకు చెన్నై దాకా లారీ తోలే బాధ తగ్గుతుంది. నేను కోరేవి రెండు. బెర్తులు పోసేటప్పుడే ఓడకు ఒడ్డు నుంచి కరెంటు ఇచ్చే కేబుళ్లు వేసెయ్యాలి, కాంక్రీటు పోశాక పగలగొట్టి వెయ్యడం మహా ఖర్చు. రెండోది, న్యూకాజిల్ లాగా ఓడ బయలుదేరినప్పుడే వరస ఇచ్చే రూలు మొదటి ఓడ రాకముందే పెట్టాలి. తర్వాత పెడదామంటే జరగదు. అప్పటికి క్యూ మీద, డెమరేజ్ మీద బతికేవాళ్లు తయారవుతారు, వాళ్లు ఒప్పుకోరు.